సిలిండర్ కింద మూడు చుక్కలు

రైస్ మిల్లులో కాటా దగ్గర కూర్చునేవాడు మనుషుల్ని నమ్మకూడదు. మిర్యాలగూడలో పద్నాలుగేళ్లుగా నేను జీతం తీసుకుంటున్నది ఆ పనికే. ధాన్యం లారీని వచ్చేటప్పుడు ఒకసారి, ఖాళీ చేసి పోయేటప్పుడు ఒకసారి తూకం వేస్తాను. నిండు లారీ తూగేటప్పుడు క్యాబిన్లో నలుగురు కూర్చుంటారు, ఖాళీ లారీ తూగేటప్పుడు డ్రైవరు ఒక్కడే ఉంటాడు. కొందరు బరువు పెరగాలని లారీ మీద కప్పిన పట్టా మీద నీళ్లు చల్లుకుని వస్తారు. ఎవరైనా నవ్వుతూ పలకరించారంటే నేను ముందు టైర్లు చూస్తాను. కూరగాయల బండి దగ్గర కూడా తక్కెడ కిందికి వంగి చూస్తానని మా ఆవిడ నాతో బజారుకు రావడం ఎప్పుడో మానేసింది.

ఈ బుద్ధి కాటా దగ్గర పుట్టింది కాదు, మా నాన్న నుంచి వచ్చింది. పెన్‌పహాడ్ దగ్గర మా ఊళ్లో బోరు మోటరు కాలిపోతే వైండింగుకు ఇచ్చే ముందు అందరూ ఏదో ఒక గుర్తు పెట్టుకునేవారు. రాగి తీగ లాగేసి అల్యూమినియం చుడతారనీ, అసలు మోటరే మార్చేస్తారనీ భయం. ఒకాయన రంపంతో గీత కోసేవాడు, ఇంకొకాయన మూల చెక్కేవాడు. మా నాన్న మూత విప్పి, లోపల ఎవరికీ కనబడని అంచు మీద సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉక్కు కడ్డీ పెట్టి సుత్తితో మూడు దెబ్బలు వేసేవాడు. ఇనుము మీద మూడు చిన్న గుంటలు పడేవి. "బయట పెడితే సెరిపేస్తరు, లోపట పెట్టాలె" అనేవాడు. మోటరుకు ఆ గుంటల వల్ల ఏ నష్టమూ లేదు. ఇనుప వస్తువు ఏదైనా అంతేననుకున్నాను, తప్పంతా అక్కడే ఉంది.

ఆ తప్పుకు బలైంది సూర్యాపేటలో ఒక మెకానిక్ పేరు. ఆయన షెడ్డుకు బోర్డు లేదు. నలభై ఏళ్లుగా బండి వదిలేసి బజారుకు పోయినవాడు తిరిగొచ్చి ఇదేమిటని అడిగింది లేదు. ఆయనకున్న ఆస్తి అదొక్కటే. నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచి ఆయన దగ్గరికే పోయేవాణ్ణి. మా కులం వేరు, వాళ్ల మతం వేరు, అయినా నాకు ఆయన మామ, ఆయనకు నేను అల్లుణ్ణి. "నీకియ్యడానికి బిడ్డ లేదు గనీ అల్లుడివే" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వేవాడు.

నలభై దాటాక నాకు రేసు పిచ్చి పట్టింది. యాసంగి కోతలయ్యాక ఎండాకాలంలో నేరేడుచర్ల వైపు కొందరు రైతులు ఎండిన పొలాల్లో గట్లు తీసేసి, ట్రాక్టరుతో చదును చేసి, సున్నంతో దారి గీసి మట్టి రేసులు పెడతారు. ఒక ఏడాది చూసి వచ్చాను. పొద్దంతా కదలని కుర్చీలో కూర్చుని మందివి కదిలే బండ్లు తూచేవాడికి అది చూస్తే ఏమవుతుందో అదే అయింది. హాలియాలో ఒకాయన పాల క్యాన్లు కట్టుకుని ఇరవై ఏళ్లు తిప్పిన పాత టూ-స్ట్రోక్ బండి కొని, మామ షెడ్డు ముందు దింపాను.

మామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఏంది అల్లుడా, పాల బండిని పందెంల దింపుతవా? నీ పొట్టకే ఒక గేరు గావాలె" అన్నాడు. అన్నాడు కానీ ఆయన కళ్లు అప్పటికే వెలిగాయి. మర్నాటి నుంచి పని మొదలుపెట్టాడు. లైట్లు, సైడు డబ్బాలు, మడ్‌గార్డులు, పాల క్యాన్ల కోసం వేసిన ఇనుప స్టాండు అన్నీ పీకేశాడు. వెనక చక్రానికి చైను తిరిగే పెద్ద స్ప్రాకెట్ వేశాడు, వేగం కాస్త తగ్గినా మట్టిలో లాగుడు ఉంటుందని. హ్యాండిల్ ఎత్తు పెంచాడు. సిలిండర్ లోపల గ్యాసు పోయే దారుల్ని సన్న ఆకురాయితో రోజుకు కొంచెం కొంచెంగా రుద్దాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే మోచేత్తో పైకి నెట్టుకుంటూ, వేలు లోపల పెట్టి తడుముకుంటూ చేసేవాడు. ఆ పనికి నా దగ్గర ఏమీ తీసుకోనన్నాడు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. ఊరికే ఎవడు చేస్తాడు?

దానికి తోడు అదే షెడ్డులో అదే రకం బండి ఇంకొకటి ఉంది. కోదాడలో టిఫిన్ హోటలు నడిపే ఒకాయనది. ఆయనా అదే రేసుకు తయారవుతున్నాడు. వచ్చినప్పుడల్లా మామకు పెసరట్ల పొట్లం తెచ్చేవాడు. నేను పొట్లం వంక చూసేవాణ్ణి. కోదాడ నుంచి సూర్యాపేట దాకా చల్లారిన పెసరట్టు ఊరికే తెస్తాడా మనిషి? ఒకరోజు నేను లోపలికి అడుగు పెట్టగానే వాళ్లిద్దరి మాట ఆగింది. మామ నావైపు తిరిగి, "రా అల్లుడా, నీ గురించే అనుకుంటున్నం" అన్నాడు. ఏమనుకుంటున్నారో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారని నా నమ్మకం.

సిలిండర్ లోపలి గోడ కోయించి బోరు చేయించడానికి నేనే కోదాడ తీసుకుపోయాను. మామకు ఇరవై ఏళ్ల స్నేహితుడు అక్కడ ఇనుము కోసే లేతు మెషిన్ నడుపుతాడు. తక్కువ మాట్లాడే మనిషి. బల్ల మీద హోటలాయన సిలిండర్ కూడా ఉంది, చూస్తే రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఆయన నా సిలిండర్ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "మీదే మంచి పోతండి. ఇలాంటి ఇనుము ఇప్పుడు రావట్లేదు. అన్నకి చెప్పండి, జాగ్రత్తగా చూసుకోమనండి" అన్నాడు. వేరేవాడైతే సంతోషించేవాడు. నాకు మాత్రం అనుమానం ఎక్కువైంది. మంచిదని నాకే చెప్పినవాడు మామకు చెప్పడా? మామ పెసరట్ల ఆసామికి చెప్పడా? బోరు పని అయ్యాక మా ఇంటిదాకా బస్సులో ఆ సిలిండర్ని తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు ఆదివారం. మామ చర్చికి పోతాడు, మధ్యాహ్నం దాకా షెడ్డు తెరవడు. పొద్దున్నే ఇంటి ముందు గడప మీద కూర్చుని, మా నాన్న పంచ్ తీసి, సిలిండర్ని బోర్లా తిప్పాను. బయట కొడితే కనిపెడతారు. అందుకని కింద, ఇంజన్ మీద ఆనే నున్నటి ముఖం మీద, అంచుకు దగ్గరగా మూడు చుక్కలు కొట్టాను. చుక్కల చుట్టూ ఇనుము కొంచెం లేచింది. ఎమరీ కాగితంతో అది పోయేదాకా రుద్దాను. వేలికి నున్నగా తగిలేసరికి నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "గంత అనుమానమున్నోడివి ఆయనకెందుకిస్తవ్? ఇంకొకలకియ్యరాదు?" అంది.

"ఆయనంత పనోడు ఎవడున్నడు?" అన్నాను.

"పనోడు గావాలె, మనిషి మాత్రం వద్దు" అని లోపలికి పోయింది. అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు.

ఇంజన్ బిగించే రోజు మామకంటే ముందే షెడ్డుకు చేరాను. సిలిండర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఒక పలచటి ప్యాకింగ్ కాగితం పెడతారు, గాలి చొరబడకుండా. మామ ఆ ముఖం చూస్తే చుక్కలు దొరికిపోతాయి. అందుకని, "ప్యాకింగ్ నేను పెడ్త మామా" అన్నాను. నేనే గ్రీజు రాసి, కాగితం అంటించి, చుక్కలు కప్పేసి ఇచ్చాను. ఎవరు ఇచ్చినా ఆ ముఖాన్ని వెలుతురుకు పెట్టి చూడనిదే బిగించని మనిషి, ఆరోజు చూడలేదు. "అల్లుడు పని నేర్సిండు" అని అక్కడున్న వాళ్లతో చెప్పి సిలిండర్ బిగించాడు.

రేసు రోజు నేరేడుచర్ల పొలాల్లో ఎండ మండిపోతోంది. నీళ్ల ట్యాంకరు దారి తడిపిపోయినా రెండు చుట్లకే దుమ్ము లేచింది. మామ పనిముట్ల పెట్టె పట్టుకుని తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మొత్తం పన్నెండు చుట్లు. నా పాల బండి నేను అనుకున్నదానికంటే బాగా లాగింది. నాలుగో చుట్టుకు నేను మూడోవాణ్ణి, హోటలాయన నా వెనక ఉన్నాడు. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ లేదు, ఇది దాచుకోవడం ఎందుకు? ఆరో చుట్టులో ఇంజన్ శబ్దం సన్నబడింది. బండి ఒక్కసారి ఎక్కువ ఉరికినట్టనిపించింది. ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయి నేను పక్కకు ఎగిరిపడ్డాను. భుజం చీరుకుపోయి నోట్లో మట్టి నిండింది. నేను లేచేసరికి హోటలాయన నా పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోయాడు.

ఆ దుమ్ములోనే నేను తీర్పు చెప్పేశాను. మామ నావైపు ఉరికొస్తున్నాడు, "దెబ్బ తాకిందా అల్లుడా?" అంటూ. నేను ఆయన చెయ్యి విదిలించేశాను. చుట్టూ నలభై యాభై మంది చేరారు, సగం మంది చేతుల్లో ఫోన్లున్నాయి.

"సిలిండర్ మార్చినవ్" అన్నాను. "నా మంచి సిలిండర్ వానికిచ్చి, వాని సెత్త నాకేసినవ్. పెసరట్లకు అమ్ముడువోయినవ్."

మామ మొహంలో రంగు పోయింది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి నేల మీద పరిచాడు. "ఇంజన్ ఇప్పుదాం. అందరు సూస్తుంటే ఇప్పుదాం" అన్నాడు.

కాలిపోతున్న ఇంజన్, ఆ ఎండ, ఆయన చేతికి బట్ట చుట్టుకుని పానాతో నట్లు విప్పాడు. సిలిండర్ బయటికొచ్చింది. పిస్టన్ పక్కలు గీరుకుపోయి ఉన్నాయి. సిలిండర్ని బోర్లా తిప్పి ప్యాకింగ్ కాగితం గీకితే కింద మూడు చుక్కలు బయటపడ్డాయి. నావే. నా సిలిండరే.

చుక్కల చుట్టూ నేను ఎమరీతో రుద్దినచోట బొటనవేలు పట్టేంత పల్లం పడింది. అక్కడ కాగితం ఆనలేదు. నూనె చిమ్మి నల్లగా మరక కట్టింది. మామ వేలితో ఒక్కసారి తడిమి విషయం చెప్పేశాడు. "గాలి గుంజింది ఈడికెల్లి. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. నూనె గూడ పెట్రోలుతోనే వస్తది గద, అదీ తక్కువైంది. కాలి పట్టేసింది." తర్వాత తలెత్తాడు. "గీ సుక్కలేంది? ఎవడు కొట్టిండు?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. మామ తనలో తాను చెప్పుకుంటున్నట్టుగా, "నా షెడ్డుల పంచ్ ఎవడు కొడ్తడు? లేతు కాడనే పడుండాలె" అన్నాడు. ఇరవై ఏళ్ల స్నేహితుడి మీదికి పోయింది అనుమానం. "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడు" అన్నాడు. నేను భుజం మీద రక్తం తుడుచుకుంటూ నిలబడ్డాను.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి కోదాడ పోయాం. సిలిండర్ మామ ఒళ్లో ఉంది. లేతు దగ్గర బల్ల మీద సిలిండర్ పెట్టి, "గిదేంది తమ్మీ? నీకు నేనేం తక్కువ జేసిన?" అన్నాడు.

లేతు ఆయనకు కోపం రాలేదు. సిలిండర్ని వెలుతురుకు తిప్పి చూశాడు. "అన్నా, నా మాట విను. నేను సిలిండర్ని మెషిన్‌కి బిగించేది ఈ ముఖం మీదే కదా. ఇక్కడ గుంట పడి ఇనుము లేస్తే బోరు వంకరపోతుంది. నా పని నేనే చెడగొట్టుకుంటానా? నువ్వు కొలుచుకో, బోరు తిన్నగా ఉంది. ఇది నా చెయ్యి దాటాక పడిందే."

మామ తల పట్టుకున్నాడు. "నీ చెయ్యి దాటినంక అంటే నా షెడ్డులనే. నా షెడ్డుల ఎవడున్నడు?" అంటూ నావైపు తిరిగాడు. "సెప్పు అల్లుడా. ఇంకెవడన్న ముట్టంగ సూసినవా?"

అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. హోటలాయన మొన్న వచ్చిండు గద మామా అంటే చాలు. మామ నమ్మేవాడు. నా మాట కాబట్టి నమ్మేవాడు. అది నాకు స్పష్టంగా కనబడింది. ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన అసహ్యం చెప్పలేను.

"నేనే కొట్టిన మామా" అన్నాను. "నువ్వు సిలిండర్ మారుస్తవేమోనని."

లేతు ఆయన మెషిన్ ఆపేశాడు. నేను ఆదివారం సంగతి, పంచ్ సంగతి, ప్యాకింగ్ నేనే ఎందుకు పెడతానన్నానో, అన్నీ చెప్పాను. మామ తిట్టలేదు. తిడితే బతికిపోయేవాణ్ణి. ఆయన లేతు ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది తమ్మీ. వీని మీదికి పోలేదు నా మనసు. నీ మీదికి పోయింది. మాఫ్ జెయ్యి" అన్నాడు.

తిరిగొచ్చే బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ఒకటి ఖాళీగా ఉంది. నేను కిటికీ పక్కకు జరిగాను. ఆయన ముందుకు పోయి, కడ్డీ పట్టుకుని సూర్యాపేట దాకా నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి.

ఈలోగా పొలంలో ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరగడం మొదలైంది. నేను మట్టి కొట్టుకున్న మొహంతో అరవడం, మామ మొహం పాలిపోవడం, అంతే ఉంది. ఇంజన్ విప్పడం అందులో లేదు, అంతసేపు చూసే ఓపిక ఎవరికుంది? నేను తప్పు నాదేనని చెబుతూ ఒక వీడియో తీసి తెలిసిన గ్రూపులన్నింటిలో పెట్టాను. దాన్ని ఎవరూ ముందుకు పంపలేదు. మిల్లుకు వచ్చే డ్రైవర్లు కూడా నన్ను చూసి, "అన్నా, నీకు ఆ సూర్యాపేటాయన మోసం జేసిండంట గద" అని పరామర్శించేవారు. కాదు, నేనే చేశానని చెబితే, పాపం మంచోడు, కేసెందుకని ఆయన తప్పు కప్పిపుచ్చుతున్నాడు అనుకుని పోయేవారు.

నెల దాటాక నేను రోజూ మిల్లుకు పోయే బండికి క్లచ్ జారడం మొదలైంది. మిర్యాలగూడలో మెకానిక్కులకు కొదవలేదు. అయినా సూర్యాపేట పోయాను. మామను చూడాలని పోయాను, క్లచ్ ఒక సాకు. షెడ్డు ముందు ఇదివరకు ఎప్పుడూ లేని ప్లాస్టిక్ స్టూళ్లు నాలుగు వేసి ఉన్నాయి. వాటి మీద బండ్లవాళ్లు కూర్చుని ఆయన చేతుల వంకే చూస్తున్నారు. ఇదివరకు ఆ షెడ్డులో బండి వదిలి బజారుకు పోయేవారు.

ఆయన నన్ను చూసి లేచాడు. "రాండ్రి సార్. కూసోండ్రి" అన్నాడు. స్టూలు మీద దుమ్ము తుడిచి, నా బండికి ఎదురుగా వేశాడు.

నేను కూర్చున్నాను. ఆయన క్లచ్ మూత విప్పాడు. పాత ప్లేట్లు ఒక్కొక్కటే తీసి, నా కళ్ల ముందు ఎత్తి పట్టి, "ఇది మీ పాతది సార్. సూస్కోండ్రి. ఇది కొత్తది, సీలు ఇప్పలే" అంటూ చూపించాడు. ప్రతి నట్టుకూ ఆగి నా మొహం చూశాడు.

"మామా, గట్ల సెయ్యకు" అన్నాను.

ఆయన ఇంకో ప్లేటు ఎత్తి చూపించాడు. పని అయ్యాక పాత ప్లేట్లు నూనె తుడిచి, లెక్కపెట్టి, పేపరులో చుట్టి, దారం కట్టి రెండు చేతులతో నాకిచ్చాడు. "మీ సామాను సార్. తీస్కపోండ్రి." నేనూ రెండు చేతులతో తీసుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

పక్క స్టూలు మీదున్నాయన అదంతా చూస్తున్నాడు. "నా పాత సామాను గూడ కట్టియ్యి" అన్నాడు. మామ ఇంకో పేపరు తీసుకున్నాడు.